తలారి నుంచి కెమెరా దాకా

"ఏమమ్మా, కథలవీ రాస్తావు గదా, ఈ నోటీసు కూడా నువ్వే రాసిపెట్టు. నాలుగు ముక్కలే!" అన్నారు మా వీధి మాస్టారు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరై పదేళ్ళయినా గొంతులో బెత్తం ఇంకా అలాగే ఉంది. కాదనటానికి నాకు నోరు రాలేదు.

నవలలు రాసేవాళ్ళకి సొంత వీధిలో దక్కే గౌరవం ఇదేనండీ! శుభలేఖల్లో తప్పులు దిద్దటం, కుళాయి రాకపోతే అర్జీ రాయటం, ఇదిగో, ఇప్పుడు నోటీసు.

సంగతేమిటంటే, కిందటి నెలలో ఓ తెల్లవారుజామున మా మూడో ఇంటి వదినగారు వాకిట్లో ముగ్గు వేస్తూంటే, మోటారు సైకిలు మీద ఇద్దరొచ్చి మెళ్ళో గొలుసు తెంపుకుపోయారు. ఆవిడ కెవ్వున అరిచారు. ఆ అరుపు మేమందరం విన్నాం. విని, "ఎవరింట్లోనో టీవీ కాబోలు" అనుకుని అటు తిరిగి పడుకున్నాం. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోవటానిక్కూడా సిగ్గేసింది.

సిగ్గు తగ్గటానికి మీటింగు పెట్టుకోవటం మన అలవాటు కదా! ఆదివారం సాయంత్రం మాస్టారి మేడ మీద ఇరవై రెండిళ్ళ వాళ్ళం చేరాం. ఉల్లిపాయ పకోడీలూ టీలూ అయ్యాక నాలుగు తీర్మానాలు చేశాం. ఒకటి, వీధిలో నాలుగు కెమెరాలు పెట్టించాలి. రెండు, రాత్రి కాపలాకి గూర్ఖాని కుదుర్చుకోవాలి. మూడు, సందు చివర ఇనప గేటు బిగించాలి. నాలుగు, పెళ్ళికాని సినిమా కుర్రాళ్ళకి ఎవరూ గదులు అద్దెకివ్వకూడదు, ఉన్నవాళ్ళని నెలరోజుల్లో ఖాళీ చేయించాలి.

నాలుగోదానికి అందరూ తలలూపారు. నేనూ ఊపాను. అబద్ధమెందుకు చెప్పాలి?

ఇంటికొచ్చి, వంట ముగించి, కాగితం ముందేసుకుని కూర్చున్నాను. మూడూ చకచకా రాసేశాను. నాలుగోది దగ్గరకొచ్చేసరికి కలం ముందుకు కదల్లేదు.

మా కృష్ణానగర్ గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. అమీర్‌పేట, పంజగుట్టలకు దగ్గర్లో, యూసఫ్‌గూడకీ జూబిలీహిల్స్‌కీ మధ్య ఉన్న ఇరుకు సందుల పేట మాది. సినిమాలో పెళ్ళిపందిట్లో అక్షింతలు వేసే చుట్టాలూ, కోర్టు సీనులో వెనక బల్లల మీద కూర్చునే జనమూ, హీరోచేత తన్నులు తినే రౌడీలూ చాలామంది కాపురముండేది ఇక్కడే. తెలుగు సినిమా మద్రాసులో ఉన్నన్నాళ్ళూ ఈ పేటకి ఆ పేరు లేదు. అమీర్‌పేటలో సారథి స్టూడియో వచ్చింది. 1959లో 'మా ఇంటి మహాలక్ష్మి' విడుదలైంది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో వెలిసింది. పరిశ్రమ మెల్లమెల్లగా ఇటు కదిలి వచ్చింది. పెద్ద తారలు కొండమీద బంగళాలు కట్టుకున్నారు. వాళ్ళ వెనక నిలబడే జనం కొండకింద మా సందుల్లో గదులు తీసుకున్నారు. వాన కురిస్తే పైనున్న నీళ్ళన్నీ పారి మా వీధుల్లోకే చేరతాయి. మనుషుల సంగతీ అంతే!

ఇలాంటి పేటలో 'బయటివాళ్ళు' అంటే ఎవరండీ? మాస్టారిది గుంటూరు వైపు. వదినగారిది కరీంనగర్. మేము పదహారేళ్ళ కిందట సామాన్ల లారీతో దిగినప్పుడు మమ్మల్నీ ఎవరో కిటికీలోంచి అనుమానంగా చూసే ఉంటారు.

నేను బి.ఏ.లో చదువుకున్న చరిత్రలో రాజులూ యుద్ధాలే తప్ప వీధి కాపలా గురించి ఒక్క పాఠమూ లేదు. తర్వాత నవలల కోసం అవీ ఇవీ తిరగేస్తుంటే తెలిసింది, మన ఊళ్ళలో ఇదొక పెద్ద కథేనని.

1812లో ఈస్టిండియా కంపెనీ వ్యవహారాల మీద ఇంగ్లండు పార్లమెంటుకి ఒక నివేదిక అందింది. చరిత్రకారులు దాన్ని 'ఐదవ నివేదిక' అంటారు. మన దక్షిణాది గ్రామం ఎలా నడిచేదో అందులో వరసగా చెప్పుకొచ్చారు. ఊరిపెద్ద, కరణం, వాళ్ళ తర్వాత తలారి, తోటి. నేరం జరిగితే ఆచూకీ తీయటం, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళే వాళ్ళకి తోడు వెళ్ళటం తలారి పని. పంట కాయటం, పంట కొలిచేటప్పుడు సాయం చేయటం తోటి పని. వాళ్ళకి నెల జీతం లేదు. కళ్ళంలో ప్రతి రైతూ ఇంతని కొలిచి ఇచ్చే మేరే వాళ్ళ బతుకు. చాలాచోట్ల ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. దొంగని పట్టుకోలేకపోతే పోయిన సొత్తుకి కావలివాడే జవాబుదారీ!

ఈ ముక్క చదివి వినిపిస్తే మావారు, "అంటే ఇన్సూరెన్సు కూడా అందులోనే ఉందన్నమాట. మన గూర్ఖాని అడిగి చూడు" అన్నారు.

అలాగని అదేదో బంగారు కాలమనుకోకండి. ఊరందరి సొత్తూ కాచే తోటికి చాలా గ్రామాల్లో ఇల్లు ఊరి వెలుపలే. అతని కాపలా కావాలిగానీ అతని పక్కిల్లు అక్కర్లేదు! పోనుపోను ఈ కావలి పాలెగాళ్ళ చేతుల్లో పడింది. కావలి రుసుము కడితే సరేసరి, కట్టని ఊరికి దొంగల బెడద. దొంగ ఎవరో, కాపలాదారు ఎవరో తెలియని రోజులవి.

కంపెనీవాళ్ళు పాలెగాళ్ళని అణిచాక ఆ కావలి హక్కులు తీసేశారు. 1816లో మద్రాసు ప్రభుత్వం గ్రామపెద్దలకి కొన్ని పోలీసు అధికారాలిచ్చింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. యూనిఫారాలూ లాఠీలూ ఠాణాలూ అప్పటినుంచి స్థిరపడ్డాయి. ఇటు మన హైదరాబాదులో కొత్వాలు ఏలుబడి. 1920 నుంచి 1934 దాకా రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారు ఆ కుర్చీలో కూర్చున్నారు. రెడ్డి హాస్టలు పెట్టించినాయన ఆయనే. అటైనా ఇటైనా జరిగిందొకటే, ఊరి కాపలా ఊరి చేతిలోంచి సర్కారు చేతికి వెళ్ళింది. మేలే జరిగింది. కానీ సర్కారుకి ఊళ్ళో అందరి పేర్లూ తెలియవు కదా! పేర్లు తెలియనప్పుడు జాబితాలు మొదలవుతాయి.

1871లో 'నేరస్థ తెగల చట్టం' వచ్చింది. మొదట ఉత్తరాదిన అమలై, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఒక మనిషి దొంగతనం చేశాడా లేదా అన్న విచారణ లేదు. ఫలానా తెగలో పుట్టాడు గనక పేరు రిజిస్టరులో ఎక్కాలి, పిలిచినప్పుడల్లా హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. పాలుతాగే పిల్లాడు కూడా ఆ తెగలోనే పుట్టాడు కదా! 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీవారి ఆధ్వర్యంలో ఎరుకలవాళ్ళ కోసం ఒక సెటిల్మెంటు పెట్టి, హెరాల్డ్ స్టూవర్టు అనే దొరగారి పేరు తగిలించారు. అదే స్టూవర్టుపురం. మన చిన్నప్పుడు అన్నం తినకపోతే పెద్దవాళ్ళు భయపెట్టిన పేరు!

అసలీ ఎరుకలవాళ్ళు అంతకుముందు ఏం చేసేవారో తెలుసా? గాడిదల మీదా ఎడ్ల మీదా కోస్తా నుంచి ఉప్పు తీసుకెళ్ళి లోపలి ఊళ్ళలో అమ్మి, అక్కణ్ణించి ధాన్యం తెచ్చేవారు. రైళ్ళొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, మధ్యలో కరువొచ్చింది. వర్తకం పోయింది. తిరిగే కాళ్ళు మాత్రం ఆగలేదు. నిన్నటిదాకా ఉప్పు తెచ్చిన మనిషి రేపటికి అనుమానపు మనిషయ్యాడు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. చట్టమైతే పోయిందిగానీ పేరుకంటిన మసి అంత తొందరగా పోలేదు. 1970లలో జాషువాగారి అమ్మాయి హేమలతా లవణం, ఆమె భర్త లవణంగారు ఆ ఊరికి వెళ్ళి, వాళ్ళ మధ్య తిరిగి, దొంగ అన్న ముద్ర పడ్డవాళ్ళని మళ్ళీ మామూలు బతుకుల్లోకి తేవటానికి ఏళ్ళ తరబడి పాటుపడ్డారు.

నా కలం నాలుగో తీర్మానం దగ్గర ఎందుకాగిందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. "పెళ్ళికాని సినిమా కుర్రాళ్ళు" అని రాయబోతుంటే, అది కూడా ఒక చిన్న రిజిస్టరులాగే కనిపించింది.

మరైతే ఇరుగుపొరుగు కలిసి ఏమీ చేయకూడదా అంటారేమో! భయపడ్డ జనం కలిసి చేసిన పనులన్నీ ఇలాగే ముగియలేదు. స్టూవర్టుపురం నుంచి అదే కోస్తాన దక్షిణంగా పోతే నెల్లూరు జిల్లా వస్తుంది. ఆ జిల్లాలోని దూబగుంట కథ మీకు తెలిసిందే అయినా, వీధి కాపలా కథగా దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు.

1991లో నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో చదువు ఉద్యమం నడిచింది. పగలంతా పొలం పనిచేసి, రాత్రిళ్ళు ఆడవాళ్ళు పలకలు పట్టుకుని ఒకచోట చేరేవారు. వాళ్ళ వాచకంలో 'సీతమ్మ కథ' అని సారా గురించిన పాఠం ఒకటుంది. అది చదువుతుంటే, "ఇది మన కథేనే!" అన్న మాట పుట్టింది. ఒక్క క్షణం ఆలోచించండి. ఆ ఆడవాళ్ళకి భయం ఏ అర్ధరాత్రి దొంగ వల్లా కాదు. కూలి డబ్బులు తీసుకుని, సారా తాగి, ఇంటికొచ్చి చెయ్యి చేసుకునే మనిషి వల్ల. ఆ భయం తలుపుకి అవతల లేదు, ఇవతల ఉంది. దానికి గేటు ఎక్కడ బిగిస్తారు?

అన్నాళ్ళూ ప్రతి ఆడదీ "నా ఖర్మ" అనుకుంది. పక్కింటి అరుపు వినిపించినా, "వాళ్ళ సంసారం వాళ్ళది" అని ఊరుకుంది, మేము టీవీ అనుకున్నట్టే! రాత్రిబడిలో పక్కపక్కన కూర్చునేసరికి ఇన్ని ఖర్మలూ ఒకటేనని తేలింది. సారా తాగి ఇద్దరు ఊరి చెరువులో పడి చనిపోవటంతో ఓర్పు తెగిపోయింది. ఆడవాళ్ళంతా కదిలారు. కల్లు బండిని వెనక్కి పంపారు, సారా జీపుని ఊళ్ళోకి రానివ్వలేదు, దుకాణం మూయించారు. ముందు నిలబడ్డ వర్ధినేని రోశమ్మ పేరు తర్వాత రాష్ట్రమంతా మోగింది. ఆ ఊరి గెలుపు 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠమై పక్క ఊళ్ళ చదువుల్లోకి ఎక్కింది. వాళ్ళూ చీపుళ్ళు పట్టుకుని దారుల్లో కాపలా కాశారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని సడలించేశారు. రోశమ్మగారు 2016లో కన్నుమూశారు.

నిషేధం నిలవలేదు కదా, ఇంకేం సాధించినట్టు అంటారు కొందరు. పక్కింటి అరుపు తన ఇంటి అరుపేనని ఊరు ఊరంతా ఒప్పుకోవటం తక్కువ సంగతా? వాళ్ళు ముందుగా ఎవరినీ ఊళ్ళోంచి వెళ్ళగొట్టలేదు. ముందు కలిసి కూర్చున్నారు, ఎవరికి దేనివల్ల భయమో చెప్పుకున్నారు, ఆ తర్వాతే చీపురు పట్టారు. మేము ముందు పకోడీలు తిన్నాం, తర్వాత జాబితా రాశాం. ఎవరికి దేనివల్ల భయమని ఒక్కరమూ అడగలేదు. ఆఖరికి గొలుసు పోయిన మనిషిని కూడా!

కెమెరాల మీద నాకు కోపమేమీ లేదండోయ్. ఒకేసారి వందమందికి పైగా చేరే చోట్ల కెమెరాలు ఉండాలని 2013లో రాష్ట్రంలో చట్టమే వచ్చింది. 'నేను సైతం' పేరుతో పోలీసువారు అడిగితే, హైదరాబాదులో ఎన్నో కాలనీల వాళ్ళు చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించుకున్నారు. వాటివల్ల నేరస్థులు దొరకటమూ నిజమే. 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ వల్ల బస్టాపుల్లో నిలబడే మన ఆడపిల్లలకి ఎంతో ధైర్యమొచ్చింది. ఇవన్నీ కావలసినవే. కాకపోతే కెమెరా చూస్తుందేగానీ తలుపు తీసుకుని బయటికి రాదు. ఆ పని మనమే చెయ్యాలి.

మర్నాడు పొద్దున్నే వదినగారింటికి వెళ్ళాను. "ఆ రోజు మీ అరుపుకి ముందుగా ఎవరొచ్చారు?" అని అడిగాను. నెల తర్వాత అడుగుతున్నాను చూడండి!

ఆవిడ కాసేపు ఊరుకుని, "మీ ఎదురు మేడ మీద గదిలో పిల్లలున్నరు కదా, వాళ్ళొచ్చిన్రు. షూటింగు నుంచి అప్పుడే దిగిన్రట. ఒక పిల్లగాడు బండి ఎనకాల ఒట్టి కాళ్ళతోని మెయిన్ రోడ్డు దాకా ఉరికిండు. ఇంకొకడు నన్ను అరుగు మీద కూసోబెట్టి నీళ్ళిచ్చిండు" అన్నారు.

"మరి మీటింగులో చెప్పలేదేం వదినా?"

"నన్నెవరన్న అడిగిన్రా?"

అక్కణ్ణించి సందు చివర జూనియర్ ఆర్టిస్టుగా చేసే ఒకావిడ దగ్గరకెళ్ళాను. ఆవిణ్ణి మీటింగుకే పిలవలేదు. అద్దెవాళ్ళని పిలవాలని ఎవరికీ తోచలేదు. "మాకు నాలుగున్నరకు వ్యాను వస్తదక్కా. సందు మలుపుల లైటు పోయి మూణ్ణెల్లాయె. ఆ మలుపు దాటేదాంక పానం గుప్పిట్ల పట్టుకుని నడుస్త" అందావిడ. గొలుసు లాక్కుపోయినవాళ్ళు కాచుకున్నది కూడా ఆ చీకటి మలుపులోనే కదా! మేము నాలుగు కెమెరాలకి చందాలు లెక్కేశాం. పోయిన బల్బు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

సాయంత్రం ఆ కాగితం చింపేసి కొత్తది రాశాను. మలుపులో లైటు వారం లోపల వెలగాలి. కెమెరాలు రెండు చాలు, అవీ సందు మొదట్లో, చివర్లో. గూర్ఖా సంగతి, గేటు సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం, అద్దెవాళ్ళని కూడా పిలిచి. అరుపు వినిపిస్తే ఎవరింట్లో వాళ్ళు ముందు వాకిలి లైటు వేయాలి, ఆ తర్వాత తలుపు తీయాలి. ఒక్కరే బయటికి రావటానికి భయమైతే పక్కింటివాళ్ళకి ఫోను చేయాలి. అందుకోసం ఇరవై రెండిళ్ళ ఫోను నెంబర్లూ కింద వరసగా రాశాను.

మాస్టారికి తీసుకెళ్ళి ఇస్తూ, స్టూవర్టుపురమూ దూబగుంటా కలిపి ఆయనకి ఓ ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఎదురు మేడ కుర్రాళ్ళ సంగతి చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. రెండిళ్ళవాళ్ళు మాత్రం ఒప్పుకోరని నాకు తెలుసు, ఇప్పటికీ ఒప్పుకోలేదు. వదినగారి గొలుసూ ఇంకా దొరకలేదు.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని కాగితం పైనుంచి కిందదాకా రెండుసార్లు చదివారు. పరీక్ష పేపరు దిద్దుతున్నట్టే! తర్వాత నా చేతిలోంచి కలం తీసుకున్నారు.

"ఇంత చెప్పావు గదమ్మా, ఆ మేడ మీద పిల్లల నెంబరు రాయలేదేం?" అన్నారు.

నాకు మాట రాలేదు. రాత్రంతా చరిత్ర తవ్వి రాసిన కాగితంలో ఇళ్ళే లెక్కపెట్టాను తప్ప, గదులు లెక్కపెట్టలేదు. అసలు ఆ కుర్రాళ్ళ పేర్లేమిటో కూడా నాకు తెలియదు.

"పద, వెళ్ళి అడుగుదాం" అంటూ మాస్టారు చెప్పులేసుకున్నారు.